హంతకుల వంశవృక్షము

ఒక జాతి తీరికవేళల దేనినిగూర్చి వాదులాడుకొనుచున్నదో పరికించినచో ఆ జాతి హృదయము కొంతవఱకు దెలియగలదు. మన పెద్దలు రచ్చబండలమీద గూర్చుండి, కర్ణుడు తన జన్మరహస్యము నెఱిగిన పిదపను దుర్యోధనుని విడువకుండుట ధర్మమా యధర్మమా యని ప్రొద్దుపోవువఱకు దర్కించిరి. పురాణము విని యిండ్లకు మఱలుచు ధృతరాష్ట్రుని పుత్రమోహమును, గాంధారి కండ్లగంతను విమర్శించిరి. నేటి మన యువకులు అదే శ్రద్ధతో, అదే పట్టుదలతో వేఱొక వంశముయొక్క కథను దర్కించుచున్నారు. ఆ వంశము కార్లియోనెవారిది. ఆ పురాణము ‘గాడ్‌ఫాదర్’ అను చలనచిత్రము. మేరియో పూజో 1969లో వ్రాసిన నవల నాధారముగా గొని, ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా 1972లో దీనిని నిర్మించెను. 1974లో రెండవ భాగమును, 1990లో మూడవ భాగమును వెలువడినవి.

ఝరాసంగమువంటి యూరికిని న్యూయార్కు హంతకులకును సంబంధమేమని చదువరులు ప్రశ్నింపవచ్చును. కేతకీ సంగమేశ్వరస్వామి వెలసిన యీ క్షేత్రము మూడు రాష్ట్రముల జనులు గలిసికొను తావు. శివరాత్రి జాతరకు తెలంగాణమువారితోపాటు బీదరు సీమనుండి కన్నడిగులును, ఆవలినుండి మహారాష్ట్రులును వత్తురు. తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ ఒకే అంగడివీధిలో వినవచ్చును. కావున రౌడీల కథలుగూడ ఇచ్చటి జనులకు నాలుగు దిక్కులనుండి వచ్చిచేరినవి. 1987లో మణిరత్నము తీసిన ‘నాయకన్’ తెలుగున ‘నాయకుడు’గా వచ్చెను. 1993లో రామగోపాలవర్మ ‘గాయము’ దీసెను. సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు ఆ చిత్రమున తాము రచించిన పాటలో దామే తెరపై గానవచ్చిరి. 1995లో కన్నడమున ‘ఓం’ వచ్చెను. అర్చకుని కుమారుడు రౌడీ యగుట దాని యితివృత్తము. 1998లో ఆ వర్మయే హిందీలో ‘సత్య’ నిర్మించెను. ఇవి యన్నియు నేడు మొబైలు ఫోనులలో దొరకును. ఒకడు చూచి విడిచినచోటినుండి వేఱొకడు వాదము నెత్తుకొనును.

ఆ వాదముల స్వరూప మెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. పెద్ద దొర యగు వీటో కార్లియోనె ఎప్పుడు పుట్టెను? మొదటి చిత్రమున నతని సమాధిఫలకముమీద 1887 అని చెక్కబడియున్నది. రెండవ చిత్రమున 1901లో నతడు తొమ్మిదేండ్ల బాలుడు. ఈ నాలుగేండ్ల తేడా యెట్లు వచ్చెనని యొకరు ప్రశ్నింతురు. జ్యేష్ఠుడగు సన్నీ మరణించిన పిదప రెండవవాడగు ఫ్రెడోను దాటి చిన్నకుమారుడగు మైకేలునకు పెత్తనమిచ్చుట న్యాయమేనా యని మఱియొకరు. వీథిలో దిక్కులేక తిరుగుచుండగా సన్నీ యింటికి దీసికొనివచ్చిన టామ్ హేగన్ ఆ యింటి బిడ్డయా, జీతగాడగు వకీలా యని వేఱొకరు. 1941 డిసెంబరు 7వ తేదీని, తండ్రి పుట్టినరోజున, మైకేలు తాను సైన్యమున జేరితినని చెప్పగా ఇంటిల్లపాది ఆగ్రహింప, ఫ్రెడో యొక్కడే చేయిచాచి యభినందించెను. తరువాతి కాలమున మైకేలు చంపింపబోవునది ఆ యన్ననే. ఈ యొక్క ఘట్టముమీద రాత్రులు గడచినవి. 

ఇట్టి తర్కములను జూచి పరిహసించు పండితులు గలరు. మేము పరిహసింపము. తేదీకి తేదీని పోల్చుట, ఒక సాక్షి మాటను మఱియొక సాక్షి మాటతో నొఱసి చూచుట, మాటాడనివాని మౌనమునకు గూడ నర్థమును వెదకుట, ఇవి న్యాయవాదులు గురువులయొద్ద సంవత్సరములకొలది నేర్చుకొను విద్యలు. సమాధిఫలకముమీది సంవత్సరమును గుర్తుపెట్టుకొని రెండవ చిత్రములోని సంవత్సరముతో సరిపోల్చిన యువకునకు పట్టా పాసుపుస్తకమును, పహాణీ నకలును సరిపోల్చుట కష్టము గాదు. ఆ సూక్ష్మదృష్టి మన జనులలో గలదని తెలిసినందులకు సంతసింపవలసినదే.

మఱియు నీ వాదములలో బుద్ధి యొక్కటియేగాక హృదయముగూడ గలదు. వీరు తుపాకుల లెక్కలను వేయుటలేదు. తల్లి, తండ్రి, అన్న, భార్య, కుమార్తె యను సంబంధములను దూచుచున్నారు. మొదటి చిత్రాంతమున భార్య సూటిగా నడిగినప్పుడు మైకేలు అసత్యమాడును. పిదప నామె కన్నులయెదుటనే తలుపు మూయబడును. ఆ తలుపునుగూర్చి మాటాడువారు తమ యిండ్లలోని తలుపులనుగూర్చియు నాలోచించుచుందురు. ‘నాయకుడు’ చిత్రమున కుమార్తె చారుమతి తండ్రి మార్గమును సహింపలేక యిల్లు వదలిపోవును. ఆమె కృతఘ్నురాలని కొందఱు, ఆ యింట న్యాయమెఱిగినది ఆమె యొక్కతెయేయని కొందఱు. చిత్రాంతమున మనుమడు తాతను మంచివాడవా చెడ్డవాడవా యని యడుగగా, నతడు తనకు దెలియదని చెప్పును. ఆ ప్రశ్నకు ప్రేక్షకులు నేటికిని బదులు వెదకుచునేయున్నారు.

ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే ఒక వ్యాజ్యమున నొక పక్షముననే సాక్షులందఱును, ఆ సాక్షుల బంధువులును, బంధువుల పుట్టినరోజులును విచారింపబడి, రెండవ పక్షమున నొక్కనినైనను బిలువకున్నచో ఆ విచారణ నేమందుము? కార్లియోనెవారి వంశవృక్షమును కొమ్మకొమ్మగా నెఱిగినవారిని మే మొక్క ప్రశ్న యడుగుదుము. ఆ చిత్రములలో జచ్చినవారికి బిడ్డలెందఱు? సుంకము చెల్లించిన అంగడివాని భార్య పేరేమి? పేరు తెలియదు, తెలిసికొనవలెనన్న కోరికయు బుట్టదు. ఏలయన చలనచిత్రము ‘కుటుంబము’ అను పవిత్రమైన మాటను ఒక్క పక్షమునకే ధారపోసినది.

ఆ మాట యెట్లు ధారపోయబడెనో తెలిసికొనదగినది. న్యూయార్కులోని హంతకముఠాలు తమ ముఠాను కుటుంబమనియే వ్యవహరించెడివి. ‘గాడ్‌ఫాదర్’ నిర్మాణకాలమున, 1971లో, జోసెఫ్ కొలంబో అను ముఠానాయకుడు తాను నెలకొల్పిన ఇటాలియన్ అమెరికనుల పౌరహక్కుల సంఘము పేరిట నిర్మాతతో నొడంబడిక చేసికొని, ‘మాఫియా’ అను మాటను గ్రంథపాఠమునుండి తొలగింపజేసెను. ఒక నేరస్థుని సంస్థ తన నిజనామమును దుడిపించుకొని, కుటుంబమను ముద్దుపేరు నిలుపుకొన్నది. దేశమును దోచువాడు తన్ను సంరక్షకుడనుకొనుటయు, గ్రామమును బీడించువాడు తన్ను దొర యనిపించుకొనుటయు మన మెఱుగని విషయములా? పేరు మార్చిన పిదప పనిని మఱపించుట సులభము.

కార్లియోనె అనునది కల్పితనామము గాదు. సిసిలీ ద్వీపమున నా పేరుగల పట్టణము నేటికిని గలదు. ఆ పట్టణపు నిజమైన యొక కుటుంబముయొక్క కథను జెప్పెదము. ప్లాసిదో రిజోత్తో యనునాతడు రైతుబిడ్డ. యుద్ధకాలమున నియంతృత్వముతో బోరాడినవాడు. పిదప కార్మికసంఘ కార్యదర్శియై, బీడుపడియున్న పెద్దకమతములను భూమిలేని రైతులకు బంచవలెనని యుద్యమించినవాడు. 1948 మార్చి 10వ తేదీ రాత్రి ముప్పదినాలుగేండ్ల ప్రాయమున నతనిని మాఫియావా రపహరించి చంపి, శవమును కొండబిలమున బడవైచిరి. హత్యను జూచిన పదుమూడేండ్ల గొఱ్ఱెలకాపరి బాలుడును ఆసుపత్రిలో మరణించెను. లూచానో లెజ్జో యను నిందితుడు సాక్ష్యము చాలదని విడుదలయయ్యెను. అఱువదియొక యేండ్ల తరువాత, 2009లో, ఆ బిలమునుండి యెముకలు వెలికివచ్చినవి. అవి యెవరివో నిర్ణయించుటకు, ఎన్నడో గతించిన తండ్రి కార్మెలో రిజోత్తో సమాధిని ద్రవ్వి, తండ్రి యస్థులతో కుమారుని యస్థులను బోల్చి, 2012లో సంబంధమును స్థిరపఱచిరి. ఆ సంవత్సరము మే 24వ తేదీని ఇటలీ రాష్ట్రపతి సమక్షమున రాజలాంఛనములతో నంత్యక్రియలు జరిగినవి.

చదువరులారా, కార్లియోనె పట్టణపు తండ్రికొడుకుల కథ యిది. కల్పితమైన వీటో సమాధిఫలకముమీది నాలుగేండ్ల తేడానుగూర్చి వాదించు మనకు, నిజమైన కార్మెలో తన కుమారుని శవమునైన జూడక చచ్చిపోయెనని తెలియకపోవుట విచారింపదగిన విషయము గాదా?

అంతదూరము పోనేల? మన తెలంగాణముననే జనగామ సీమలో కామారెడ్డిగూడెమను గ్రామము గలదు. షేక్ బందగీ యను పేద ముసల్మాను రైతు 1940 ప్రాంతమున అచ్చట నుండెను. అతని భూవ్యాజ్యము ఇంటివారిమధ్య బుట్టినదే. విసునూరు దేశ్‌ముఖు దానిలో జేయిపెట్టెను. బందగీ కత్తి పట్టలేదు, ముఠా గట్టలేదు. న్యాయస్థానముల చుట్టును సంవత్సరములకొలది దిరిగెను. తుదకు గెలిచెను. గెలిచినందులకు ఫలముగా దేశ్‌ముఖు మనుష్యులచేత హతుడయ్యెను. 1946 జులై 4వ తేదీని కడవెండిలో దొడ్డి కొమరయ్యను గాల్చినవారును ఆ దేశ్‌ముఖు మనుష్యులే. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో ‘మా భూమి’ నాటకము వ్రాసి బందగీ పేరును తెలుగునాట నిలిపిరి. గడీలోని దొరకుగూడ తల్లియుండెను, కుమారుడుండెను. వారికి నొండొరులయెడ మమకార ముండియే యుండును. ఆ మమకారము నిజమే కావచ్చును. దానివలన బందగీ యింట నార్పిన దీపము మఱల వెలుగలేదు.

ఇక నీ దోషము చలనచిత్రములదేనా యని యొక సంశయము. ఇట్టి చిత్రములను నిషేధింపవలెనని కొందఱు పెద్దలు కోరుచుందురు. ఈ ప్రయత్నము వెనుకటి కాలముననే జరిగినది. అమెరికాలో 1930లో నీతినియమావళి నొకదానిని గల్పించి, 1934నుండి గట్టిగా నమలుపఱచిరి. నేరస్థునిపై సానుభూతి గలుగరాదు, కథాంతమున నతడు శిక్షింపబడవలెను అని దాని సారాంశము. శిక్షను కడపటి నిమిషమున జూపిరి. అంతకుముందు గంటసేపు ప్రేక్షకుల మనస్సు నేరస్థుని వెంటనే నడచెను. అయితే ఆ నియమావళి గట్టిగా నమలగుటకు మూడేండ్లముందు, 1931లో వచ్చిన ‘పబ్లిక్ ఎనిమీ’ చిత్రమును జూడుడు. కుమారుడు తిరిగివచ్చుచున్నాడని తల్లి మేడమీద సంతోషముతో పడక సరిచేయుచుండగా, క్రింద తలుపు తీసినంతనే కట్టివేయబడిన శవము గుమ్మములో గూలును. ఆ యొక్క ఘట్టము చేసిన యుపదేశమును ఏ నియమావళియు జేయజాలదు.

మంచి చిత్రకారులు సాక్ష్యమును దాచిపెట్టలేదు. మనమే దానిని జదువకున్నాము. ‘నాయకుడు’ కథనే మఱల విప్పి చూతము. వేలు నాయకుడు కేల్కరు అను పోలీసు అధికారిని జంపును. కేల్కరు దుష్టుడే, సందేహము లేదు. తన్ను బెంచిన ముసల్మాను వృద్ధుని ప్రాణము దీసినవాడు. కాని కేల్కరునకు భార్య గలదు, మందబుద్ధియగు కుమారుడు అజిత్ గలడు. వేలు ఆ కుటుంబమునకు దానే పోషకుడై ధనసహాయము జేయును. ప్రేక్షకులు ఇది నాయకుని యౌదార్యమని చప్పటలు గొట్టుదురు. కడపట సాక్ష్యము లేదని న్యాయస్థానము నాయకుని విడిచిపుచ్చును. అప్పుడు తన తండ్రి యెట్లు చచ్చెనో యెఱిగిన అజిత్ వచ్చి కాల్చును. లెక్కలోనికి రాని కుటుంబము, ధనముతో నోరు మూయబడినదనుకొన్న కుటుంబము, కథ ముగింపున దన పద్దును దాను వ్రాసికొన్నది. మణిరత్నము చెప్పినది యిదియే. మనము మనుమని ప్రశ్ననుగూర్చి ముప్పదియెనిమిదేండ్లుగా మాటాడితిమి. అజిత్ ప్రశ్నను వినిపించుకొనలేదు. ఐనను అజిత్ చేతి తుపాకియు న్యాయము గాదు. సాక్ష్యము చెప్పుటకు జనులు వెఱచిన చోట, బిడ్డలే తండ్రుల ఋణమును రక్తముతో దీర్చుకొందురు. ఆ దుస్థితిని దప్పించుటకే మనుష్యులు న్యాయస్థానములను గట్టుకొనిరి.

ఇచ్చట మా వృత్తివారు సిగ్గుతో దలవంచి వినవలసిన మాటయొకటి గలదు. ‘గాడ్‌ఫాదర్’ చిత్రము దేనితో మొదలగును? బొనసెరా యను శవసంస్కారవృత్తివాడు తన కుమార్తెను గొట్టి వికృతపఱచిన యువకులమీద న్యాయస్థానమున కెక్కెను. న్యాయాధిపతి మూడేండ్ల శిక్ష విధించి, దాని నమలు నిలిపివేసి, వారిని ఆ దినముననే యింటికి బంపెను. పిమ్మటనే బొనసెరా పెద్దదొర గుమ్మము ద్రొక్కెను. న్యాయస్థానపు తలుపు మూతపడినచోట దొర దర్బారు తలుపు తెఱువబడునని కథకుడు మొదటి యైదు నిమిషములలోనే చెప్పివైచెను. తెరమీది దొరలను జనులు ప్రేమించుటకు కారణము రక్తపిపాస గాదు. అడిగిన దినముననే వినువాడు, విన్న దినముననే తీర్చువాడు ఒకడుండవలెనన్న యాశ.

మన దేశపు న్యాయస్థానము లన్నిటిలో గలిసి అయిదు కోట్లకు మించిన వ్యాజ్యములు తీర్పునకై వేచియున్నవి. ఝరాసంగము, న్యాల్‌కల్ మండలములలో నిమ్జ్ అను జాతీయ పెట్టుబడుల, వస్తూత్పత్తి మండలము నిమిత్తము పండ్రెండువేల యెకరములకు పైబడిన భూమిని సేకరింప దలపెట్టినది మొదలు, ఇచ్చటి రైతులకు పట్టాలు, పరిహారములు, వారసత్వములు, సరిహద్దులు అను మాటలు నిత్యజపములైనవి. భూమికి వెల పెరిగినచోట అన్నదమ్ములమధ్య దగవులు పెరుగును. తగవులు పెరిగినచోట ‘సెటిల్‌మెంటు’ చేసెదమని వచ్చువారు ఏ సీమలోనైనను బుట్టుదురు. వారు మొదట పెద్దమనుష్యులవలె వత్తురు. అన్నా, తమ్ముడా యని కుటుంబవరుసలు గలుపుదురు. వడ్డీ లేని సాయము చేసెదమందురు. ఆ సాయమునకు వడ్డీ యెట్టిదో ‘గాడ్‌ఫాదర్’ చూచినవారికి మేము చెప్పనక్కఱలేదు. తనకు జేసిన యుపకారమునకు బదులుగా ఎన్నడైన నొక పని చేయవలసివచ్చునని దొర బొనసెరాతో ముందే చెప్పియుండెను గదా.

దీనికి ప్రతిక్రియ యేమి? ‘నాయకన్’ విడుదలయైన 1987వ సంవత్సరముననే న్యాయసేవాధికారముల చట్టము శాసనగ్రంథమున నెక్కెను. అది యమలులోనికి వచ్చుటకు 1995 నవంబరు 9వ తేదీ వఱకు బట్టెను. దొర దర్బారునకు అట్టి యాలస్యము లేదని వేఱుగా జెప్పనేల! ఐనను నేడా చట్టము సజీవముగా నున్నది. దాని ప్రకారము స్త్రీలకును, బాలురకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును, వికలాంగులకును, పారిశ్రామిక కార్మికులకును, నిర్బంధమున నున్నవారికిని, ఆదాయము తక్కువగలవారికిని న్యాయవాదిని ఉచితముగా నీయవలెను. స్త్రీలవిషయమున ఆదాయపరిమితియు లేదు. లోక్ అదాలతులో రాజీపడినచో ముందు చెల్లించిన కోర్టురుసుము తిరిగివచ్చును. ఆ తీర్పునకు డిక్రీతో సమానమైన బలముండును. దానిమీద అప్పీలు లేదు. గాడ్‌ఫాదరు యింటి గుమాస్తాల పేర్లెఱిగిన మన యువకులలో ఎందఱికీ సంగతులు దెలియును? తెలియజెప్పవలసిన న్యాయవాదులలో ఎందఱు గ్రామములకు బోయి చెప్పుచున్నారు? తనకొక్కడే కక్షిదారుడని చెప్పుకొన్న టామ్ హేగన్ దొర కొలువున వకీలు. కక్షిదారులందఱు ప్రజలే యనదగిన వకీలులు మనకు గావలెను.

మేము యువకులను వాదములు మానుమని కోరము. చిత్రములను జూడుడు, తేదీలను బోల్చుడు, ఫ్రెడోకు జరిగిన యన్యాయమునకు గన్నీరు విడువుడు. మన గ్రంథాలయములలో వారమునకొక సాయంకాలము అట్టి చర్చలు బహిరంగముగా జరిగినచో మఱియు మంచిది. కాని దొరగారి వంశవృక్షమును గాగితముమీద గీయునప్పుడు, ఆ కాగితమున సగము ఖాళీగా విడువుడు. ఆ సగమున దొరవలన బోయినవారి పేర్లను, వారి భార్యల పేర్లను, బిడ్డల పేర్లను వ్రాయుటకు బ్రయత్నింపుడు. చిత్రమున నా పేర్లు దొరకనిచో ఎందుచేత దొరకవో చర్చింపుడు. కల్పితనామములు దొరకనిచోట నిజనామములను వ్రాయుడు: కార్లియోనెలో రిజోత్తో, కామారెడ్డిగూడెమున బందగీ, కడవెండిలో కొమరయ్య. ఆ పేర్లుగల కాగితము గోడమీద నున్న గ్రంథాలయమునకు సెటిల్‌మెంటు జేసెదమని వచ్చువాడు ఒకమాఱు వెనుకముం దాలోచించును. వచ్చినను, అతనికి జవాబు చెప్పగల సాక్షులు అచ్చట గూర్చుండియుందురు.